నిలబడ్డ నీళ్ళు

రెడ్డెమ్మ పుట్టినప్పటి నుంచీ నీళ్ళను వంగే చూసింది. బావిలోకి వంగి, చెలమలోకి వంగి, బోరింగు కింద పెట్టిన బిందెలోకి వంగి. లక్కిరెడ్డిపల్లె దాపున వాళ్ళ ఊళ్ళో ఒక్కో కరువుకు బావి ఒక్కో మట్టు కిందికి దిగేది. దాంతోపాటు ఆడవాళ్ళ నడుములూ ఇంకాస్త వంగేవి. అట్లాంటి మనిషి కువైట్‌కు పనికొచ్చి, సల్వాలో ఒక పెద్ద ఇంటి హాల్లో, నీళ్ళు తనకు ఎదురుగా నిలబడి ఉండటం చూసింది. గోడ పొడవునా అద్దం వెనక నిటారుగా, మొహంలో మొహం పెట్టి చూసే నీళ్ళు. ఆమె చేతిలో తుడుపుగుడ్డ ఉంది. అందులోంచి నీళ్ళు కారి నేల మడుగైందాకా ఆ సంగతే ఆమెకు తెలియలేదు.

ఆ అద్దాల తొట్టిని ఇంటి యజమాని తన తల్లి కోసం కట్టించాడు. యజమానిని పనివాళ్ళు బాబా అంటారు, ఆయన భార్యను మామా అంటారు. ముసలి తల్లి మామా కబీరా, అంటే పెద్ద మామా. ఒకప్పుడు ఆమె కిటికీలోంచి సముద్రం కనబడేది. ఎదుట కొత్త ఇళ్ళు లేచి సముద్రాన్ని మూసేశాయి. ముసలామె అలిగింది. కొడుకు డబ్బున్నవాడు కనక సముద్రానికి బదులు ఒక మంచినీటి అడవినే ఇంట్లోకి తెప్పించాడు. నీటిలో పెరిగే మొక్కలు, వాటి మధ్య నీలం ఎరుపు చారల చిట్టిచేపలు, మొక్కలు ఏపుగా ఎదగడానికి జర్మనీ నుంచి గ్యాసు సామాను.

గొట్టాల పనికి అర్దియాలోని ఒక షాపు నుంచి చినబాబు వచ్చాడు. ముమ్మిడివరం మనిషి. కాలువ గట్టున పుట్టి పెరిగినవాడికి నీళ్ళంటే భయమూ లేదు, భక్తీ లేదు. హాల్లో నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి, తల గోక్కుని, వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"ఏవండీ రెడ్డెమ్మ గారూ, ఈ ఇంట్లో నీళ్ళు ఎటొచ్చి ఎటు పోతున్నాయో మీ బాబా గారికి తెలీదంటండి. మిమ్మల్ని అడగమన్నాడు."

"ఎట్ల తెలుస్తాదన్నా, ఆయప్ప కొళాయి తిప్పి ఎరిగినోడా?"

"ఆయ్, అయితే మీరే ఇంజినీరండి."

"మాటకు ముందర ఆ ఆయ్ ఏందన్నా, ముల్లు గుచ్చుకున్నట్ల!"

అట్లా మొదలైంది వాళ్ళ స్నేహం. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని ఆ సుద్దగీతల మీద చాలాసేపు వాదించుకున్నారు. పైతొట్టిలో పొర్లిన నీళ్ళు గొట్టం గుండా కిందికి దిగాలి. బల్ల అరలో పెట్టిన చిన్నతొట్టిలో వడకట్టుకోవాలి. మోటారు వాటిని మళ్ళీ పైకి ఎక్కించాలి. పాత నీళ్ళు వదలడానికి ఒక కొళాయి, కొత్త నీళ్ళకు ఒకటి. రెడ్డెమ్మ మధ్యలో వేలు పెట్టి, "ఈడ మోచేయి తిప్పుడు వద్దన్నా, గుడగుడమంటాది, పెద్దామెకు నిద్దర పట్టదు," అంది. చినబాబు గీత చెరిపి మళ్ళీ గీశాడు.

చిక్కంతా గ్యాసు సిలిండరు దగ్గర వచ్చింది. బాబా దానికి చోటు ముందే చూసి పెట్టాడు. బట్టలుతికే మిషన్ ఉండే గది. ఆ గదిలోనే రెడ్డెమ్మ మంచం. చేపల హాలుకు రెండు ఏసీలున్న ఆ ఇంట్లో ఆమె పడుకునే గదికి కిటికీ కూడా లేదని చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు.

చినబాబు ఆ గది చూసి సామాను కింద పెట్టేశాడు. "ఇది కార్బన్ డయాక్సైడ్ అండి. సోడాబుడ్డిలో ఉండే గ్యాసే. సోడాలో బాగానే ఉంటది గానీ, మూసిన గదిలో కారితే నేలబారున పరుచుకుంటది. కింద పడుకున్న మనిషి మళ్ళీ లేవరు."

ఆ మాటే బాబాతో చెప్పాడు. బాబా వినీ విననట్టు గడియారం చూసుకున్నాడు. చినబాబు మాట మార్చి, అంత దూరం నుంచి గొట్టం లాగితే చేపల మొక్కలకు గ్యాసు సరిగ్గా అందదని చెప్పాడు. బాబా వెంటనే తల ఊపాడు. మనిషి ప్రాణం చెప్పలేని కారణాన్ని మొక్కలు చెప్పాయి. సిలిండరు మెట్ల కింద, జాలీ తలుపున్న అరలోకి పోయింది.

మొదటిసారి తొట్టి పైన దీపం వేసి, ఇత్తడి కీ తిప్పి, సన్నగొట్టంలో గ్యాసు వదిలిన పొద్దున ఏమీ కాలేదు. అందరూ చూసి చూసి ఎవరి పనికి వాళ్ళు పోయారు. మిగిలింది ముసలామె, నేల తుడుస్తున్న రెడ్డెమ్మ. అప్పుడు ఒక ఆకు అంచున చుక్క మెరిసింది. తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే ఆకుఆకుకూ, కొసకొసకూ వెండి పూసలు పొదిగినట్టు బుడగలు పట్టాయి. ఒక్కొక్కటే వదులై, దారం తెగిన దండలా పైకి జారిపోయాయి. మొక్క గ్యాసు తిని వదిలే మంచి గాలి అదేనని చినబాబు ముందే చెప్పాడు. చెప్పింది వేరు, కళ్ళముందు కనబడేది వేరు. నేల మీద చెట్లన్నీ ఇదే పని చేస్తున్నాయి కాబోలు, గాలిలో గాలి కలిసిపోతే మనకు కనబడటం లేదు. ఇన్నేళ్ళూ శెనక్కాయ చేలో వంగి కలుపు తీసింది గానీ, ఆకు ఊపిరి వదలడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"దానా," అంది మామా కబీరా. పెద్ద ముత్యాన్ని అక్కడ అట్లా అంటారు. ఆమె తండ్రి చమురు రాకముందు కాలంలో ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడు. ఆ కథ రెడ్డెమ్మకు అంతకు ముందే తెలుసు.

కొన్ని వారాలకే ఆ వెలుగు మాసింది. ఆకులు గోధుమరంగుకు తిరిగాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. చేపలు చస్తే ఊరికి పంపించేస్తానని బాబా అరిచాడు. చినబాబు వచ్చి అద్దానికి కట్టిన తెల్లటి చారను గోటితో గీకి, రెడ్డెమ్మ వైపు చూశాడు.

"శుక్రవారం శుక్రవారం పాత నీళ్ళు వదులుతున్నావా, చెల్లెమ్మా?"

రెడ్డెమ్మ తల దించుకుంది. "చేతులు రాలేదన్నా. అన్ని నీళ్ళు మోరీలోకి ఎట్ల వదిలేది? తగ్గినంత మటుకు పోస్తాండా."

"అందుకే నీళ్ళు చెడ్డాయి. ఎగిరిపోయేది నీరొక్కటే, ఉప్పంతా అడుగునే ఉండిపోద్ది."

చినబాబు ఆమెను తిట్టలేదు. ఒక పూట పని మానుకుని, గోడకు కన్నం వేసి, ఆ పాతనీళ్ళ గొట్టాన్ని పెరటిలో ఈతచెట్లలా నిలుచున్న ఖర్జూరం చెట్ల మొదళ్ళకు తిప్పాడు. రెడ్డెమ్మ అక్కడ మడి కట్టి గోంగూర విత్తనాలు చల్లింది. ఆ తర్వాత శుక్రవారం ఎప్పుడొస్తుందా అని ఆమే చూసేది. తొట్టి తేరుకుంది. చేపలు నవనవలాడాయి. ఎడారిలో గోంగూర మోకాలెత్తు లేచింది.

ఎండాకాలం బాబా కుటుంబమంతా లండన్ పోయింది. ముసలామె రానంది. ఆమెకు తోడుగా రెడ్డెమ్మను వదిలి, రెడ్డెమ్మ పాస్‌పోర్టును ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసుకుని పోయారు.

1990 ఆగస్టు రెండో తేదీ తెల్లారేసరికి ఇరాకీ సైన్యం ఊళ్ళోకి వచ్చేసింది. ట్యాంకులు రోడ్డు మీద పోతుంటే తొట్టిలో నీళ్ళు అలలు తిరిగాయి. లండన్‌కు ఫోను కలవలేదు. ఆ రోజు నుంచి మామా కబీరా నోరు మూసుకుంది. మాట లేదు, తిండి లేదు. రెడ్డెమ్మ గంజి కాచింది, గోధుమలూ మాంసమూ మెత్తగా ఉడికించి హరీస్ చేసింది, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పింది. ముసలామె పెదవులు విడివడలేదు. పట్టుబట్టి ప్రాణం విడవడానికే కూర్చున్నట్టుంది.

ఒక పొద్దున ఆమెను కుర్చీలో తొట్టి ముందు కూర్చోబెట్టి, రెడ్డెమ్మ రొట్టె ముక్కలు చేసి పళ్ళెంలో పెట్టింది. దీపం వెలిగి చాలాసేపైంది. ఆకులకు బుడగలు పట్టాయి. ముసలామె చెయ్యి దానంతటదే పళ్ళెం మీదికి వచ్చింది. కళ్ళు బుడగల మీద, నోట్లో రొట్టె. రెడ్డెమ్మ ఊపిరి బిగబట్టి నిలుచుంది, కదిలితే ఎక్కడ చెదిరిపోతుందోనని. మర్నాడూ అంతే. బుడగలు రానంతవరకు నోరు తెరవలేదు, వచ్చాక తింది. గోంగూర పప్పు పెడితే అదీ తింది, పులుపుకు మొహం చిట్లించి మరీ తింది.

రెడ్డెమ్మకు లెక్క తెలిసింది. ఆ ఆకుల మీద ముత్యాలున్నన్నాళ్ళే ఈ మనిషి. మెట్ల కింద సిలిండరు మీటరులో ముల్లు సున్నా వైపు వాలుతోంది.

సిలిండరు ఖాళీ అయిన వారంలో చినబాబు వచ్చాడు, భుజాన సంచితో. బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోయే బస్సులో అతనికి చోటు దొరికింది.

"పద చెల్లెమ్మా, నీ పాస్‌పోర్టు లేకపోయినా ఎంబసీ వాళ్ళు కాగితం ఇస్తున్నారంట. పోదాం."

"ఈమెకు ఎవురన్నా పెట్టేది?"

"ఆళ్ళోళ్ళు చూసుకుంటారు."

"ఆళ్ళోళ్ళు లండన్‌లో ఉండారు." ఆమె మెట్ల కింద అర తలుపు తీసింది. "ముందు దీని సంగతి చూడు. నువ్వు పోయేలోపల ఇంకో సిలిండరు తెస్తావా, తేవా?"

చినబాబు దజీజ్ గోదాముల మీదుగానే వచ్చాడు. గ్యాసు నింపే చోట తలుపులు విరిగి ఉన్నాయి, లోపల గోడలు తప్ప ఏమీ లేవు. ఆ సంగతి చెప్పి అతను కుర్చీలో కూర్చున్న ముసలామెను చూశాడు. పొద్దుటి నుంచి ముట్టని పళ్ళేన్ని చూశాడు. సంచి దించాడు.

"కల్లు ముంత ఎప్పుడైనా చూశావా, దించిన కాసేపటికి?"

"తాగేటోళ్ళను చూసినా."

"తాగేటోళ్ళను కాదే తల్లీ, ముంతను! నురగ పొంగి కారిపోద్ది. ఆ నురగలో ఉండేది ఈ గ్యాసే. తీపి పులిస్తే చాలు, పుడతది."

రెడ్డెమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "రొట్టె పిండి పొంగేదీ అందుకేనా? పులిసేదానికి మేము దాంట్లో ఖమీర్ కలుపుతాం."

"ఆయ్! అదే."

ఆ పూటంతా ఇద్దరూ పాత సుద్దగీతల చోటే కూర్చుని కొత్త పథకం వేశారు. చక్కెర దొరకడం లేదు. పెరటి చెట్లకు ఖర్జూరాలున్నాయి. వాటిని పిసికి, నీళ్ళు పోసి, పిడికెడు ఖమీర్ వేసి, పెద్ద ప్లాస్టిక్ క్యానుకు ఎత్తారు. మూతకు కన్నం పెట్టి జర్మనీ సామానులోని సన్నగొట్టం దూర్చారు. బుడగలు కనబడటానికి, ముసలామెకు ఒకప్పుడు సెలైన్ ఎక్కించిన చుక్కల గొట్టాన్ని మధ్యలో కలిపారు. ఒక క్యాను నీరసించేసరికి రెండోది అందుకోవాలని మెట్ల కింద అరలో రెండు సిద్ధం చేశారు. కోట్ల ఖరీదు చేసే ఇంట్లో, యుద్ధం నడుమ, ఒక పనిమనిషీ ఒక గొట్టాల మేస్త్రీ పులిసిన ఖర్జూరం ముందు దేవుడి ముందు కూర్చున్నట్టు కూర్చున్నారు.

మర్నాడు ఉదయం చుక్కల గొట్టంలో మొదటి బుడగ లేచింది. మధ్యాహ్నానికి ఆకుల మీద ముత్యాలు. ముసలామె చెయ్యి పళ్ళెం మీదికి వచ్చింది.

చినబాబు కళ్ళు తుడుచుకుని, సంచి భుజాన వేసుకున్నాడు. "ఒక్క మాట, చెల్లెమ్మా. దీపం తీసేశాక మొక్కలు ఈ గ్యాసు తినవు, చేపలకు ఊపిరాడదు. సాయంత్రం గొట్టం తీసి పక్కన నీళ్ళ చెంబులో వదిలెయ్. పోతే పోనీ. సిలిండరులాగా దీనికి కీ లేదు, పుట్టేది పుడతానే ఉంటది."

"నువ్వు జాగర్తగా పో అన్నా. ఊరు చేరినాక మా వాళ్ళకు నేను బాగుండానని చెప్పంపు."

ఆమె ఎందుకు పోలేదో తర్వాతి కాలంలో చాలామంది అడిగారు. త్యాగమని ఎవరైనా అంటే రెడ్డెమ్మకు కోపం. "త్యాగమేంది? ఆకులకు ముత్తేలు పట్టిచ్చేది నా చేతికొచ్చింది. ఇడ్సి పోబుద్ధి కాలేదు," అనేది.

చలి మొదలైంది. చెట్ల మీది ఖర్జూరం అయిపోయింది, జాడీల్లో ఉన్నది తరిగిపోతోంది. ప్రతి సాయంత్రం చెంబులో బుడబుడమని వృథాగా పోయే గ్యాసును చూస్తూ రెడ్డెమ్మ అక్కడే కూర్చుండేది. నీళ్ళను మోరీలో పొయ్యలేని చెయ్యి అది. ఒక సాయంత్రం ఉండబట్టలేకపోయింది. ఉదయానికి దాచుకుందామని, కొత్తగా కలిపిన క్యాను గొట్టాన్ని మడిచి, బట్టల క్లిప్పు బిగించింది.

తెల్లవారి ముసలామె నమాజు ముగిసే వేళ మెట్ల కింద ఫిరంగి పేలినట్టు పేలింది.

జాలీ తలుపు ఊడి హాల్లో పడింది. గోడ మీద, మెట్ల మీద, రెడ్డెమ్మ జుట్టులో ఖర్జూరపు గుజ్జు. ఆమె తేరుకునేలోపే వీధి మలుపులో కాపలా ఉన్న సైనికులు తలుపు తన్నుకుని లోపలికి వచ్చారు. ముందు ఒక కుర్ర ఆఫీసరు, వెనక నెరిసిన మీసాల సైనికుడు, ఇంకో ఇద్దరు. తుపాకులు రెడ్డెమ్మ మీదికి తిరిగాయి.

"షినూ హాదా?" ఇదేంటని ఆఫీసరు అరిచాడు. తర్వాత ముక్కు ఎగబీల్చాడు. ఇల్లంతా పుల్లటి సారా వాసన. "బాంబా, సారాయా?"

రెడ్డెమ్మకు వచ్చింది వంటింటి అరబ్బీ. "మూ ఖుంబులా, బాబా! మూ ఖమర్!" బాంబు కాదు, సారాయి కాదు. తొట్టి వైపు చెయ్యి చూపించింది. "అకల్! అకల్ మాల్ షజర్!" చెట్లకు తిండి.

కుర్ర ఆఫీసరు నవ్వాడు. ఆ నవ్వులో మంచి ఏమీ లేదు. సారాయి చెట్లు తాగుతాయా అన్నాడు. ఈమెను తీసుకుపోండని సైగ చేశాడు.

తనను తీసుకుపోతే ఈ పళ్ళెం ఎవరు పెడతారు? రెడ్డెమ్మ ఒకటే ఆలోచించింది. గబగబా పోయి దీపం వేసింది. మెట్ల కింద చెక్కుచెదరకుండా మిగిలిన పాత క్యాను గొట్టాన్ని చెంబులోంచి తీసి తొట్టిలో పెట్టింది. చుక్కల గొట్టంలో బుడగ లేచింది. "స్వయ్యా, స్వయ్యా," అంది. కొంచెం ఆగండి.

ఆఫీసరు ఆగేవాడు కాదు. అప్పుడు చేతికర్ర చప్పుడు వినబడింది. మామా కబీరా తన గదిలోంచి నడిచి వచ్చి, తన కుర్చీలో కూర్చుని, కర్రతో సోఫా చూపించింది.

"కూర్చోండి," అంది. ఆగస్టు తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

నెరిసిన మీసాల సైనికుడు కూర్చున్నాడు. తల్లి వయసు మనిషి చెబితే కూర్చునే అలవాటు అతని ఒంట్లో ఎక్కడో ఉంది. తుపాకీ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఆఫీసరు విసుగ్గా పై గదుల్లోకి పోయాడు, ఏం దొరుకుతుందో చూడటానికి. సొరుగులు లాగే చప్పుడు, అద్దాలు పగిలే చప్పుడు. కింద హాల్లో రెడ్డెమ్మ ఆకుల్ని చూస్తోంది. ముసలామె చూస్తోంది. సైనికుడు చూస్తున్నాడు.

చాలాసేపటికి ఒక ఆకు కొసన చుక్క మెరిసింది.

తర్వాత అడవి అంతా మెరిసింది. సైనికుడు లేచి అద్దం దగ్గరికి వెళ్ళాడు. అతని ఊపిరికి అద్దం మసకబారితే చేతిగుడ్డతో తుడిచాడు. తమది ఇరాక్ దక్షిణాన చిత్తడి నేల అనీ, రెల్లు మధ్య గేదెలు దిగితే ఇట్లాంటి బుడగలే లేచేవనీ, అవి ఆకులోంచి వస్తాయని ఈ వయసులో ఇప్పుడు తెలిసిందనీ, ఎవరికో చెప్పినట్టు కాక తనకు తనే చెప్పుకున్నాడు. ముసలామె పళ్ళెం అందుకుని తినడం మొదలుపెట్టింది.

ఆఫీసరు దిగొచ్చాడు. టీవీ మోయించాడు. మెట్ల కింద ఇత్తడి మీటర్లతో తళతళలాడే సిలిండరు కనబడితే విలువైనదనుకుని అదీ మోయించాడు. ఖాళీ సిలిండరు, పనికిరాని మీటర్లు. తొట్టినీ, ఖర్జూరం క్యానునూ, ఇద్దరు ఆడవాళ్ళనూ మాత్రం పట్టించుకోలేదు. దోపిడీకి ఏది విలువైనదో ఎప్పుడూ తెలియదు.

గుమ్మం దగ్గర నెరిసిన మీసాలవాడు వెనక్కి తిరిగి, ఆఫీసరు వినకుండా రెడ్డెమ్మతో గొంతు తగ్గించి అన్నాడు. "మూత బిగించకమ్మా. మా ఇంట్లోనూ ఒకసారి పేలింది." అతని ఇంట్లో చెట్లకు తిండి పెట్టడానికి కాదని ఆమెకు అర్థమైంది. అంత భయంలోనూ రెడ్డెమ్మకు నవ్వొచ్చింది.

ఫిబ్రవరి చివర కరెంటు పోయింది. నీళ్ళు పోయాయి. చమురు బావులు తగలబడి పట్టపగలే ఆకాశం నల్లగా కమ్ముకుంది. కిటికీలోంచి వెలుగు రాదు, దీపం వెలగదు. చినబాబు మాట గుర్తుంచుకుని రెడ్డెమ్మ గ్యాసు గొట్టం తీసేసింది. మోటారు ఆగిన తొట్టిలో చేపలు బతకాలంటే నీళ్ళకు గాలి తగలాలి. మగ్గుతో ముంచి పైనుంచి ధారగా పోస్తూ, మళ్ళీ ముంచి మళ్ళీ పోస్తూ నిలబడింది. భుజాలు పీకుతున్నాయి. ఆమె భయం చేపల గురించి కాదు. ముత్యాలు లేవు. వెనక కుర్చీలో ముసలామె ఉంది. పళ్ళెంలో రొట్టె ముట్టకుండా ఉంది.

"మామా," అంది రెడ్డెమ్మ తిరగకుండానే. "ఈ దినం దానా లేదు. వెలుతురు లేదు. నేనేం చేసేది?"



"సముద్రం అడుగున ఎప్పుడూ చీకటే," అంది మామా కబీరా. "మా నాన్నకు అక్కడ ఏమీ కనబడేది కాదు. చేత్తో తడిమి తెచ్చేవాడు."

కర్ర నేలకు తాకింది. ఆమె లేచి, తడుముకుంటూ వచ్చి, రెడ్డెమ్మ చేతిని పట్టుకుంది. రొట్టెను తుంచి సగం తన నోట్లో పెట్టుకుంది. మిగతా సగం ఆ తడిచేతిలో పెట్టింది. ఆ ఇంట్లో రెడ్డెమ్మ ఎన్నడూ యజమానుల ఎదుట తినలేదు. వంటింట్లో, వాళ్ళు తిన్నాక, నిలబడి తినేది.

"మగ్గు ఇటివ్వు," అంది ముసలామె. "నువ్వు కూర్చుని తిను."

రెడ్డెమ్మ కుర్చీలో కూర్చుంది. నోట్లో రొట్టె నములుతూ, కనబడని నీళ్ళు పైనుంచి జారి నీళ్ళలో పడే చప్పుడు వింటూ ఉండిపోయింది.